నలభై ఒకటి మూలుగు

మెల్‌బోర్న్, ప్రెస్టన్ డిపో, రాత్రి షిఫ్టు.
తెర మీద "ట్రాము" అని ఒక్క మాట రాసి
పక్కన మీసాల బ్రాకెట్టు తెరిచాను.

అది ట్రాము కాదు.
దానికి బరువు లేదు, దాని మీద వాన పడదు,
ఎవరూ టికెట్టు గీకి దాన్ని ఎక్కలేరు.
ఒక నంబరు ఉండాలి, ఒక రూటుండాలి,
తిరిగిన కిలోమీటర్ల లెక్క ఉండాలి,
గంట కొట్టడం, తలుపు మూయడం, ఆగడం రావాలి.
అంతవరకే.
ప్రెస్సు గోడకి తగిలించిన శుభలేఖ నమూనా అది.
చిరంజీవి అని ఉంటుంది,
ఏ చిరంజీవో ఉండదు.

తరవాత "కొత్తది" అని పిలిచాను.
పిలిచిన ప్రతిసారీ మెమరీలో ఓ మూల
కాస్త చోటు చేసుకుని ఒకటి కూర్చుంది.
పన్నెండు. పదిహేడు. నలభై ఒకటి.
ఇంటిపేరు ఒకటే, ఎవరి జేబు వాళ్లది.
పన్నెండు ఎంత దూరం తిరిగొచ్చినా
పదిహేడు చక్రం అరగదు.

వాసిలికి వచ్చింది గ్రీజు చేతులతో.
ముప్పై ఏళ్లుగా ఈ బోగీల కడుపుల కింద పడుకున్న మనిషి.
కళ్లజోడు ఎత్తి తెర చూసింది.
"నలభై ఒకటి మూలుగు ఏదీ ఇందులో?
వాన పడితే, ఎడమ మలుపులో."

సరేనన్నాను. మూడు గంటల నిద్రమత్తు.
మూలుగు: అవును.
రాయాల్సింది దాని జేబులో,
రాసింది అందరి నెత్తిన.

తెల్లారేసరికి రిపోర్టు:
డిపోలో డెబ్బై మూడు ట్రాములూ మూలుగుతున్నాయి.
నిన్న రంగు ఆరిన రెండూ కూడా.
ఇక ముందు పుట్టబోయేవీ
పుడుతూనే మూలుగుతాయట.

వాసిలికి నవ్వింది, నవ్వింది,
ఫ్లాస్కు మూతలో కాఫీ ఒలికేదాకా.
"ఒక్కదాని జబ్బుని జాతి మొత్తానికి అంటగట్టావు కదే!"

నేనూ నవ్వాను గానీ
మొన్న క్యాంటీనులో ఒకాయన గుర్తొచ్చాడు,
"మీవాళ్లంతా లెక్కల్లో దిట్టలు కదా" అన్నవాడు,
అప్పుడే చిల్లర రెండుసార్లు తప్పు లెక్కపెట్టిన నాతో.
ఆయన కూడా నిద్రమత్తులో ఉన్నాడేమో.

ఒక్క లైను చెరిపాను.
నలభై ఒకటిని పేరు పెట్టి పిలిచి,
చుక్క పెట్టి,
దాని మూలుగు దానికిచ్చేశాను.

అయిదున్నరకి షట్టర్లు లేచాయి.
బయట సన్నటి తుంపర.
సెయింట్ జార్జెస్ రోడ్డు మీదికి వరసగా వెళ్తున్నాయి.
వాసిలికి స్పానర్ కింద పెట్టి చెవి ఒగ్గింది.
పన్నెండు మలుపు తిరిగింది, చప్పుడు లేదు.
పదిహేడు తిరిగింది.

ఆ తరవాతది
మూలిగింది.

"అదుగో," అంది, కన్నబిడ్డ గొంతు విన్నట్టు.