మైలుతుత్తం

మొదటి జీతం రాత్రికి మూడు రూపాయలు.
బకెట్టెడు మైదా గంజి, అరిగిన చీపురుకట్ట,
సంకన చుట్టిన సినిమా పోస్టర్లు.
రెండో ఆట వదిలినాక
ఆదోని గోడలన్నీ నా పేరున రాసిచ్చినట్టుండేవి.
అతికించి వెనక్కి తిరిగేలోపే
ఆవులొచ్చి హీరోను కాళ్ల కాడి నుంచి తినేవి.
"మైలుతుత్తం కలపకుంటే ఇంతేరా ఉరుకుందూ"
అన్నాడు పెయింటర్ కాసీంపీరా.
చిటికెడు నీలం. గంజి చేదెక్కింది.
ఆవు మూచూసి, తల తిప్పుకొని పోయింది.

పగలు పత్తి యార్డులో
బోరేల మీద లాటు నెంబర్లు రాసేవాణ్ణి.
అమ్మ జిన్నింగు మిల్లులో.
ఆమె జుట్టులో దూది, నా గోళ్లలో నల్లరంగు,
జొన్నరొట్టె మీద రెండింటి గుర్తులూ.

కోసిగి సంతలో పండ్లపొడి మునెయ్య
సంతకు ఐదు రూపాయలని నన్ను మాట్లాడుకున్నాడు.
బండి చాటున కూర్చోబెట్టి
పైపండ్లకు బొగ్గు పూసేవాడు.
జనం మూగినాక
"ఈ పిల్లోణ్ణి సూడండయ్యా,
పొద్దున్నే వీని నోరు సూసి వీళ్లమ్మే జడుసుకొనె!"
అని వేలితో రుద్ది, పుక్కిలించి ఉమ్మమనేవాడు.
నేను నవ్వేవాణ్ణి.
ఆ ఒక్క నవ్వుకు ముప్పై పొట్లాలు పోయేవి.
నా పండ్లు మొదట్నించీ తెల్లనివేనని
తెలిసింది మా ఇద్దరికే.
మూడో వారం ఒక ముసలామె
కొంగుముడి విప్పి పొట్లం కొని, నన్నే అడిగింది:
"నా మనవనికీ నీ మాదిరే వస్తాయా నాయనా?"
ఉమ్మగా మిగిలిన బొగ్గు ఇంకా నాలుక కింద ఉంది.
తల ఊపాను.

కాసీంపీరాకు నిచ్చెన పట్టుకున్నది రెండేండ్లు.
సున్నం దారం లాగి గీత కొట్టడం,
గుడిదీర్ఘం తోక గోడ దాటకుండా మడవడం.
ఒకసారి ఎరువుల షాపు వాళ్లు
పద్నాలుగు మాటలు రాసిచ్చారు.
గోడలో చోటు నాలుగింటికే.
"గోడను సూసి మాట రాయల్ల.
మాటను సూసి యెవడన్నా గోడ కడతాడా?"
పది కొట్టేసి బీడీ ముట్టించాడు.
తర్వాత చాలామంది ఇదే ముక్క
ఇంగ్లీషులో చెప్పారు నాకు, ప్రొజెక్టర్లు పెట్టి.

నిచ్చెన మీదికి నేనెక్కిన ఏడాది
పెద్దతుంబళం దారిలో బావి పక్క గోడకు
విత్తనాల కంపెనీ కోసం ఒక మాట నేనే కట్టాను:
'ఇత్తు ఒకటి. ఇల్లంతా పత్తి.'
కాసీంపీరా రెండుసార్లు చదివి
ఏమీ అనకుండా పెద్ద కుంచె నా చేతికిచ్చాడు.
ఊరంతా పలికింది. గోలీలాడే పిల్లలు కూడా.
కంపెనీ పెద్దమనిషి జీపు ఆపించి
రాసిందెవరని అడిగి
హైదరాబాదు చిరునామా చీటీ మీద గీకిచ్చాడు.

ఆ ఏడు ఆకు ఎర్రబారి రాలింది. కాయ పట్టలేదు.
ఖాళీ బండి పక్కన నిలబడి
గిడ్డయ్య నన్ను చూశాడు. తిట్టలేదు.
"మాట మాత్రం బాగుండాదబ్బా" అన్నాడు.
అంతే.
ఆ వారమే నేను రైలెక్కాను.

ఇరవై రెండేండ్లు.
సబ్బులు, సిమెంటు, చిట్‌ఫండ్లు,
ఒక పార్టీ, ఆనక దాని ఎదుటి పార్టీ.
అద్దాల గదిలో ఎవరైనా
"లైను ఇంకొంచెం తియ్యగా ఉండాలి" అన్నప్పుడల్లా
ముక్కులో పులిసిన మైదా వాసన.
గొడ్డు తినకుండా చేదు కలపడం
నేర్పినోడున్నాడు నాకు.
మనిషి సంగతి అడగడం మరిచిపోయాను.

మొన్న పోయాను. గోడ ఉంది.
కంపెనీ పేరు వానలకు పోయింది.
నా వంకర తలకట్లతో
'ఇల్లంతా' ఒక్కటే మిగిలింది.
దాన్ని సగం కప్పుతూ కోచింగు సెంటరు ఫ్లెక్సీ.
మేకపిల్ల ఒకటి దాని మూల నోట కరిచి
నమిలి, నమిలి,
వదిలేసింది.
చేదని కాదు.