పందొమ్మిది కాదు, పదిహేడు

రాణిగంజ్‌ల పంపుల దుకాణాల వెనక గల్లీ.
ఖలీల్ చాచా షట్టరు లేపేసరికి పదకొండైతది.
గోడ నిండ మేకులు, మేకులకు పంకలు,
మూడు రెక్కలయి, నాలుగు రెక్కలయి,
అంచు కొరికినయి, మెలి తిరిగినయి.
ఒకటి చాయ్ గ్లాసుల కింద పళ్లెమైంది.

సంచిలకెల్లి నా పంక తీసి బల్ల మీద పెట్టిన.
రెక్క మీద పొడుగు గీత,
నిమజ్జనం తెల్లారి సాగర్‌ల తగిలిన సలాక.
చాచా గీత చూడలే.
బొడ్డు కాడ చెక్కిన అంకెను బొటనవేలితోని తడిమిండు.
"పందొమ్మిది. ఎవరు పెట్టమన్నరు?"

నేనే.
ట్యాంక్‌బండ్ మీద జనం నిలబడి చూస్తుంటె
బుద్ధుని చుట్టు ఒక రౌండు, ఎనక తెల్లటి నురుగు,
గా స్పీడు కోసం.
చెప్పలే.

"మీటరు ఎంత చూపిస్తది?"
"ఐదువేల నాలుగునూర్లు."
"ఎంతమంది ఎక్కితె?"
"నేనొక్కన్నే."
చాచా కండ్లద్దాలు నుదుటి మీదికి జరిపిండు.
"రక్షించే పడవంటివి. నిన్ను నువ్వే రక్షించుకుంటవా?"

ఆరుగురు ఎక్కితె నాలుగువేల ఆరునూర్లు దాటదని
అప్పుడు ఒప్పుకున్న.
ముక్కు మొగులు మీద, తోక నీళ్లల,
మోటారుకు దమ్ము లేసినట్టు.

కొయ్య ముక్కల ఒక స్క్రూ తిప్పి చూపిండు:
"ఒక్క తిప్పుకు ఎంత లోపలికి పోతదో గదే పిచ్.
కట్టె పట్టుకుంటది. నీళ్లు జారిపోతయి.
పెద్ద గేరుల బంజారాహిల్స్ చడావు ఎక్కే ఆటో
ఎట్ల దగ్గుతదో విన్నవా? గట్ల దగ్గుతుంది నీది."
మేకు మీదికెల్లి పదిహేడు దింపిండు.
నాలుగు రెక్కలు, అల్యూమినియం.
"స్టీలు లేదా?" అన్న.
"స్టీలు వంగదు" అన్నడు. గంతే.

ఐతారం ఒడ్డుకు తానే వచ్చిండు,
సంకల ఒక సీదా పట్టె, జేబుల పాన్.
పడవ అడుగుకు పట్టె ఆనిచ్చి చూస్తె
మోటారు ప్లేటు రెండంగుళాలు కిందికుంది.
ఒక బెజ్జం పైకి ఎత్తినం.
బ్యాటరీ ముందుకు, పెట్రోలు ట్యాంకు నడుమకు.
"స్టీరింగ్ కుడికి గుంజుతదా?"
ఆరేండ్ల సంది గుంజుతుంది చాచా,
నా ఎడమ భుజం నొప్పిని నేను వయసనుకున్న.
నవ్విండు. ప్లేటు కిందున్న చిన్న చెవిని
గోరంత తిప్పిండు, గుంజే దిక్కుకే.
నాకది ఉల్టా అనిపించింది.
నీళ్లకు అనిపించలే.
చెయ్యిడిస్తె సీదా పోయింది.

ఆరు ఇసుక బస్తాలేసి లాగిన.
ముక్కు లేవకముందే పడవ లేసింది.
మలుపుల పంక నీళ్లను ఇడవలే,
ఇదివరకు అక్కడ్నే గాలి మింగి అరిచేది.
ఒంటిగ పోతె మాత్రం
నాలుగు కిలోమీటర్లు తక్కువ.
మా రాజలింగు ఒడ్డు మీదికెల్లి
"బర్రె మీద పోతున్నవేందిరా" అని అరిచిండు.
వారం రోజులు నాకు బుద్ధుని దిక్కు చూడబుద్ధి కాలే.

దసరా ముంగట పడ్డ వాన.
నాలా పొంగి మూడు గల్లీలు మునిగితె
పడవను లారీ మీద తీస్కపోయినం.
బోర్డుల ఎత్తున నీళ్లు,
"బ్యూటీ పార్లర్" అన్న అక్షరాల పక్కకెల్లి పోయిన.
డాబా మీదికెల్లి ఒకామె ముందు చిలుక పంజరం ఇచ్చింది,
తర్వాత కాలు కట్టు కట్టిన మొగన్ని,
ఆఖరికి తాను దిగింది, తాళంచెవులు నోట్ల పట్టుకొని.

పదకొండో ట్రిప్పు, మలుపు కాడ ధన్‌మని తగిలింది.
కింద స్కూటరో, గేటో.
పడవ వణికింది, మోటారు వణికింది,
కాని ఆగలే.
సగం స్పీడుల కుంటుకుంట ఒడ్డెక్కినం.

బేస్తారం రాణిగంజ్ పోయిన.
ఒక రెక్క అప్పడం లెక్క మడత పడ్డది,
లోపలి గేర్లకు గీత కూడ పడలే.
చాచా దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి
గోడ మీద ఖాళీ మేకుకు తగిలించిండు.

"ఎంతమంది ఎక్కిన్రు?"
"ఏడుగురు. చిలుకతోని ఎనిమిది."
"మీటరు ఎంత చూపించింది?"

చూడలే చాచా.