శుక్రవారం లోగా

ఫియాక్రా మెగెటిగన్ శుక్రవారం దాకా గడువిచ్చాడు.
ఆ తర్వాత లెటర్‌కెనీ నుంచి ఎవరో వస్తాడట, డబ్బు చేతపట్టుకుని.
కార్లు అమ్మేవాళ్ల కథల్లో
ఆ ఎవరో ఎప్పుడూ దారిలోనే ఉంటాడు.

ఊరికే చూసిపోదామని వచ్చానన్నాను.
చల్లకొచ్చి ముంత దాచానని
అతనికీ తెలుసు, అతని కుక్కకీ తెలుసు.

తెల్లటి యారిస్. మనిషి పొట్టి, భుజాలు మాత్రం మల్లయోధుడివి.
మూడే సిలిండర్లు.
కాలు ఆనించానో లేదో
మిల్‌ఫర్డ్ చర్చి వెనక్కి జరిగిపోయింది.
మలుపులో ఎక్కడ పెడితే అక్కడే ఉంది,
లెక్క తప్పని పిల్లలా, బుద్ధిగా.
లోపల వినిపించే గర్జనలో కొంత
స్పీకర్లోంచి వస్తుందని ఫియాక్రాయే చెప్పాడు
గొంతు తగ్గించి,
పెళ్లిచూపుల్లో సవరం సంగతి ఒప్పుకున్నట్టు.

నాది నీలం ఇంప్రెజా.
నాకంటే పదకొండేళ్లే చిన్నది.
వెనక చక్రం పైన తుప్పు.
అట్లాంటిక్ ఉప్పుగాలి ఏటా ఒక వేలెడు కొరుక్కుతింటోంది.
మూడో గేరు పడాలంటే ముందు బతిమాలాలి.
టర్బో ఒక ఊపిరి ఆలస్యంగా నిద్రలేస్తుంది,
లేచాక మాత్రం
వీపు మీద చెయ్యేసి తోస్తుంది.
దాని ఇంజను పాడదు, నత్తిగా మాట్లాడుతుంది,
డబడబ, డబ,
వీధి చివర ఎవరో ఖాళీ పీపాలు దొర్లిస్తున్నట్టు.
పక్కింటి నోలా డెవెనీకి అది
నేను ఎక్స్‌రే గదిలో రాత్రి డ్యూటీ దిగి
ఇల్లు చేరానన్న కబురు.
ఎదురింటాయనకి అది వేరే.
ఆయన అన్న మాట ఇక్కడ రాయను.

కాగితం మీద లెక్కేశాను.
ఇన్సూరెన్స్, టైర్లు, రెండేళ్లలో ఎలాగూ రావాల్సిన గేర్‌బాక్స్.
కాగితం యారిస్ అంది.
కాగితానికేం,
తోస్తే తెలియడానికి దానికి వీపుందా?

డెర్వ్లా ఏమీ అనలేదు.
తొమ్మిదేళ్లుగా నా పక్క సీట్లో కూర్చుని
దారి చదివి వినిపించే మనిషి,
దారి వైపు తలెత్తి చూడని మనిషి.
ఆమె తొడ మీద స్పైరల్ పుస్తకం:
ఎడమ నాలుగు, గట్టు మీదుగా.
కుడి మూడు, బిగుసుకుంటుంది, లోపలికి కొయ్యొద్దు.
వంతెన. గొర్రెలు, బహుశా.

ఆ అంకెలు రోడ్డువనుకున్నాను ఇన్నాళ్లూ.
కావు. ఈ కారువి.
ఇది ఎంత ఊపిరి పీలిస్తే
ఏ మలుపు ఎంతవుతుందో ఆ కొలతలు.
నాకల్లా గట్టు దగ్గర 'ఆగి' అని ఉన్నది
టర్బో లేచే ఆ ఒక్క ఊపిరి కోసమే.
కొత్తదానికి ఆగక్కర్లేదు.
మూడు నాలుగవుతుంది.
నాలుగు అసలు మలుపే కాదు.
ఏడు పుస్తకాలు, తడిసి ఆరి ఉబ్బినవి,
టీ మరకలవి, ఒకదాంట్లో
కాలవలోకి దిగిన ఏడాది నా ముక్కునెత్తురు చుక్క,
అన్నీ ఎవరూ మాట్లాడని భాషైపోతాయి.

గురువారం రాత్రి సన్నజల్లు.
నాకల్లా ఎక్కాం ఇద్దరం,
పందెం వేగం కాదు, పాలబండి వేగం.
కింద సముద్రం ఉందని వాసనే చెప్పాలి.
గట్టు దగ్గర నా కాలు దానంతటదే తేలింది.
ఆమె పుస్తకం తెరవనే లేదు.
పెదాలు మాత్రం కదిలాయి.

ఇంటి ముందు ఇంజను ఆపాక
వేడి ఇనుము టిక్కుటిక్కుమంటూ చల్లారుతోంది.
'ఫోన్ చేశావా?'
'లేదు.'
'చేస్తావా?'
వైపర్ అద్దం మధ్యలో నిలబడిపోయింది.
దాని రబ్బరు మార్చాలి, రేపు ఏమైనా కానీ.

డెర్వ్లా డాష్‌బోర్డు అర తెరిచింది.
పెన్ను దొరికింది. పక్కన పెట్టింది.
మోచేతి దాకా లోపలికి పెట్టి
ఇంకా వెతుకుతోంది,
పెన్సిల్ కోసం.