రోలర్ కోస్తా

రేకు ఆరడుగులు. ఎర్ర నేల, పసుపు అక్షరం, తెల్ల నీడ.
ఒంగోలులో ఫ్లెక్సీ మిషన్లు రాత్రింబవళ్లు కక్కుతుంటే
నా కుంచెకు ఏడాదికొక్క పని:
ఎగ్జిబిషన్ పెంచలయ్య బోర్డు.

"రోలర్ కోస్టర్ అని రాయి మీరావలీ, రేపే మొదలు."
అంటే ఏందన్నా?
"ఏముంది, ఎక్కితే కడుపులోది నోట్లోకొచ్చిద్ది. ముప్పై రూపాయలు."

అర్థం తెలీని మాట రాయాలంటే
నా చెయ్యి వణుకుద్ది.
రోలర్ తెలుసు,
మా వీధి కంకర తొక్కిపోయిన పచ్చ దయ్యం.
కోస్టరే అడ్డం పడింది.

టీ బంకు కాడ దొరికాడు రత్నం మాస్టారు.
సాసర్లోకి వంచుకుంటా చెప్పాడు:
మంచు దేశంలో కొయ్యతో కొండ కట్టి
నీళ్లు పోసి, గడ్డకట్టించి జారేవాళ్లంట.
మంచు లేని ఊరోళ్లకీ ఆ ఆట కావాల్సొచ్చి
కింద రోలర్లు పరిచారంట.
కోస్ట్ మొదట్లో పక్కటెముక.
నేలకు పక్కటెముక ఒడ్డే కదా, ఒడ్డయింది.
ఒడ్డెంట పోయే పడవ కోస్టరయింది.
ఆనక ఎవరో, తొయ్యకుండా వాలులో పోవడాన్నీ అట్టాగే పిలిచారు.
"మన కోస్తాదీ ఆ ఇంటిపేరేరా,
ఓడ దిగి ఈడ కాపరం పెట్టింది."

నాయన గుర్తొచ్చాడు.
బకింగ్‌హాం కాలవలో సరుగుడు కట్టెల పడవ,
భుజాన తాడు, గట్టెంట లాగుడు.
కొత్తపట్నం దాటినాక గాలి మళ్లిందా,
తాడు పడవలో పారేసి, తనూ వెల్లకిలా పడి
"ఇంక అదే పోయిద్ది" అనేవాడు.
దానికో మాటుందేమోనని నేనెప్పుడూ అడగలా.

రాత్రి ట్యూబులైటు కింద కూర్చున్నా.
పురుగులు పసుపులో పడి కాళ్లు కొట్టుకున్నాయి.
ముప్పై ఏళ్లు రొయ్యల మేత షాపులకి, ఎరువుల కొట్లకి
కోస్తా, కోస్తా అని రాసిన చెయ్యి
'కో' దాటినాక నన్నడగలేదు.
స కింద త ఒత్తు పెట్టి, దీర్ఘం లాగి ఆగింది.

పొద్దున పెంచలయ్య చుట్టూ లైట్లు కట్టించాడు, చదవలా.
జనమూ చదవలా. చదివి ఎవరెక్కుతారు?
మాస్టారొక్కడే కళ్లజోడు తుడుచుకుని
రెండోసారి చదివాడు.
దిద్దబోయిన నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఉండనీరా. చుట్టమేగా."

పైన డ్రాగన్ మూతి బండి
టకటకా గొలుసెక్కి
కొసన ఒక్క క్షణం ఆగింది.
గొలుసు వదిలేసింది.
ఇంక అదే పోయిద్ది.

ఎవరిదో ఎడమకాలి చెప్పు
నా రంగుడబ్బా పక్కన పడింది.