ప్లస్ రెండు

పత్తికొండ ఆస్పత్రిలో కండ్ల సారు
అక్షరాల అట్ట చూపిచ్చినాడు.
చదువు రాదు సారూ నాకు,
మూడు వందల మందికి అన్నం వండేది వస్తాది, అన్యాను.
ఆయప్ప నవ్వి, అట్ట పక్కనబెట్టి
సూది, ఇంత తెల్లదారం చేతికిచ్చినాడు.

సూది ఉండాది, బెజ్జం లేదు.
దారం కొస నోట్లో తడిపి తడిపి
చేతిని దూరం జరిపి జరిపి
ఇంక నా చెయ్యే చాల్లేదు.

ఒక అద్దం ఏసినాడు, తీసినాడు, ఇంకొకటి.
మూడోదానికి బెజ్జం తెరుసుకున్యాది.
ప్లస్ రెండు అని చీటీ రాసినాడు.
నలభై దాటినాక అందరికీ వచ్చేదేనంట, రోగం గాదంట.
కండ్లల్లో ఆముదం పొయ్యొద్దు,
ఆకుపసరు పిండొద్దు,
అద్దాల్ని కొంగుతో రుద్దొద్దు,
నీళ్ళకింద కడిగి మెత్తటి గుడ్డతో అద్దు అని
చంటిబిడ్డకు నీళ్ళుపోసే తీరు చెప్పినట్ల చెప్పినాడు.

సోమారం, బడి వంటగది.
పొగకు అద్దాలు మబ్బుపట్టినాయి.
తుడుసుకొని, చేటనిండా బియ్యం పోసుకొని కూచున్యా.

ఓరి దేవుడా!
బియ్యం ఏ గింజకాగింజ యిడిగా ఉండాది.
ఇన్నాళ్ళూ నాకది తెల్లటి దుప్పటి మాదిరి.
దాంట్లో బెడ్డలు, గోనెపోగులు,
ఒక ముక్కపురుగు నింపాదిగా నడ్సుకుంటా పోతాంది
ఈడనే కాపురమున్నట్ల.

ఎర్రగడ్డలు కోస్తాండే మాబున్నీని అడిగితే
"నాకూ కనపల్లేదక్కా" అని కండ్లు తుడ్సుకున్యాది,
ఎర్రగడ్డకో, దేనికో.

అప్పుడు గుర్తుకొచ్చినాడు మూడో తరగతి ఈరేశు.
దినామూ తట్ట అంచుమీద
ఏందో చిన్నచిన్నవి వరసగా పేరుస్తాంటాడు.
తినేకాడ ఆటలేందిరా అని
రెండుమార్లు మొట్టినాను గూడా.

మధ్యాన్నం వాని పక్కన కూచోని అడిగితి:
రాళ్ళొస్తాండాయని ఒక్కనాడన్నా చెప్పలేదేం నాయనా?
వాడు తట్టలోనుంచి తల ఎత్తకుండా
"అన్నమంటే అట్లనే ఉంటాదనుకున్యా అవ్వా."

ఆ మాట బెడ్డకంటే గట్టిది.
నేను మాత్రం?
మసకనే పొద్దనుకొని ఆరేండ్లు వండితి.

వాడు తల ఎత్తినప్పుడు చూసినా:
బారెడు దూరంలో నేనుంటే
ఆమడ దూరంలో ఉన్నట్ల
కండ్లు చికిలిస్తాండాడు.
నా జోడు తీసి వానికి పెడితే
"ఇంగా మబ్బయిందవ్వా" అనె.
ఎవురి నంబరు వాళ్ళదే.
శనారం, అదే బస్సు, అదే సారు.
వానికి మైనస్సంట. నల్లబల్లమీద ఏం రాస్తారో
పక్కోని పుస్తకంలో చూసి ఎక్కించుకుంటాన్నెంట ఇంతకాలం.

ఇప్పుడు, జోడు జారకుండా తలెనక దారం కట్టుకొని
వరసలో కడాకు నిలబడి
ఆడనుంచే కేకేస్తాడు:
"అవ్వా! నీ గంటెమీద ఈగ!"

చూసినా.
ఉండాది.