కుడిజేబు

హాస్టల్ వరండాలో పగిలిన బేతంచెర్ల నాపరాళ్లను
మెస్సు సంచిలో నింపినాడు మద్దిలేటి.
ఉల్లిగడ్డల వాసనేసే సంచి.
"తలా రెండు తీసుకోండ్రా.
పద్నాలుగు నెల్ల స్కాలర్‌షిప్ బాకీ,
నోటితో అడిగితే వినబడదు వాళ్లకు."
నేను ఒకటే తీసుకున్న.
కుడిజేబులో ఏసుకుంటే
ప్యాంటు ఒకపక్కకు జారింది.

రాజ్‌విహార్ కాణ్నుంచి కలెక్టరాఫీసు దాకా
తారు చెప్పులకు అతుక్కుంటాంది.
నినాదాలు బాగానే వచ్చు మాకు,
తాగను నీళ్లే లేవు.

గేటు ముందర పోలీసులు.
వాళ్లలో ఒకడు మా పత్తికొండోడే,
పోయినేడు దాకా పక్క రూములో గ్రూప్స్‌కు చదివినోడు.
నన్ను చూసీ చూడనట్టు
హెల్మెట్ సర్దుకున్నాడు.

అప్పుడు ఉరుకుందమ్మ,
ఎమ్మెస్సీ బాటనీ, మీటింగుల్లో ఎప్పుడూ వెనకబెంచీ,
సంచి లాక్కుని దాని మీద కూర్చుంది.
అవును, రాళ్ల మీదనే.
"లేయి" అన్నాడు మద్దిలేటి.
"లెయ్యను."
"భయమైతే ఇంటికి పో."

గొంతేమీ పెంచలేదు ఆ యమ్మి.
"మా నాయనకు మోచేతి కింద కుడిచెయ్యి లేదు.
చేనుకాడ గుడిసెలో బాంబులు చుడుతాంటే పోయింది.
ఎవరి కోసం చుట్టినాడో, ఎవరి మీదికి చుట్టినాడో
ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే కాంట్రాక్టులో పొత్తు.
తొమ్మిదేండ్లు సంగటి ముద్ద నేనే పెట్టిన నోట్లో.
ఇసిరే చెయ్యి ఎంత బరువో నాకు దెల్సు.
కూర్చుందాం.
ఏమన్నా కానీ, కూర్చుందాం."

కొందరు నవ్వినారు. కొందరు కూర్చున్నారు.
నేను కొంచేపు నిలబడి, తర్వాత కూర్చున్న,
రాయి తొడకు గుచ్చుకుంటాంటే.

కథలో అయితే ఇక్కడ లాఠీలు దిగిపోవాల.
దిగినాయి, మా వీపుల మీదికి.
కూర్చున్నోళ్ల వీపులు తేరగా దొరుకుతాయి.
ఉరుకుందమ్మ చేతులు తల మీద పెట్టుకోలేదు,
సంచి మూతిని బిగించి పట్టుకుంది
మాలో ఎవడూ చెయ్యి దూర్చకుండా.
దెబ్బ వేళ్ల మీద పడింది.
పత్తికొండోడు నా దాకా వచ్చి
పక్కోణ్ణి కొట్టినాడు.

ఆరు నెల్ల బాకీ వచ్చింది. తక్కింది రాలేదు.
"రెండద్దాలు పగిలుంటే మొత్తం వచ్చేది"
మద్దిలేటి ఇప్పటికీ అంటాడు.
ఏమో.
కాదని చెప్పను నా దగ్గర లెక్క లేదు.

పెద్దాసుపత్రిలో చూడను పోతే
కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని
ఎడంచేత్తో రికార్డు రాస్తాంది,
అక్షరాలు గాలికి వాలిన జొన్నచేను మాదిరి.
మంచం పక్కన వాళ్ల నాయన
"పెన్ను అట్ల కాదు మే, ఇట్ల పట్టు" అంటా
ఉన్న ఒక్క చేత్తో చూపిస్తాన్నాడు.

నేను రాయి ఇసరలేదు.
అది శాంతమా, పిరికితనమా
తేలలేదు ఇంతవరకు.
రూము తలుపు గాలికి కొట్టుకోకుండా
దాన్నే అడ్డం పెట్టిన.
ప్యాంటు ఎన్నిసార్లు ఉతికినా
కుడిజేబు మూలల్లో
వేలికి తగుల్తాంది
సన్నటి పొడి.