బోర్లా

గచ్చు మీద పొట్ట ఆనించి పడుకో, టెల్మో.
సిగ్గెందుకు, హ్యాంగర్లో మనిద్దరమే.
మూడోది ఆ కుక్క. అది నీలాంటివాళ్లను చాలామందిని చూసింది.

కొత్తగా బోర్లా పడ్డ బిడ్డ గుర్తుందా, మీ అక్క కూతురు?
బొడ్డొక్కటే నేలకు ఆని
తలా కాళ్లూ చేతులూ పైకి లేచి
లోకాన్ని మొదటిసారి ఎదురుగా చూస్తుంది.
నాలుగు కిలోమీటర్ల ఎత్తున పనికొచ్చే చదువు అదే.
బొడ్డు కిందికి. మిగతా ఒళ్లు పైకి.
ఇక గాలే నిన్ను సర్దిపెడుతుంది.

కుడికి తిరగాలంటే కుడి భుజం కాస్త దించు.
కాస్త అంటే చారులో ఉప్పంత.
నిరుడొక బ్యాంకు గుమాస్తా పిడికెడు వేశాడు,
బొంగరమైపోయాడు పాపం,
దిగాక తన పేరు తనే రెండుసార్లు అడిగాడు.
దూరం జారాలంటే కాళ్లు చాచు, చేతులు తొడల పక్కకి.
నెమ్మదించాలంటే విచ్చుకో.
కింద ఏమీ లేదనిపిస్తుంది. అబద్ధం.
గంటకు రెండొందల కిలోమీటర్ల గాలి
పరుపంత గట్టిగా ఉంటుంది నీ కింద.
దాన్ని గుద్దకు. ఆనుకో.

పారాచూట్ నేనే మడిచాను.
ఎవోరాలో హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసిన చేతులివి,
పంతొమ్మిదేళ్లుగా ఆకాశాన్ని మడుస్తున్నాయి.
తెరుచుకోగానే తలెత్తి చూడు, నలుచదరంగా ఉందా?
తాళ్లు మెలిపడితే కంగారొద్దు,
సైకిలు తొక్కినట్టు కాళ్లాడించు, వాటంతటవే విడతాయి.
ఆ తర్వాత రెండు పసుపు పిడులు.
ఎడమది లాగితే ఎడమకి, కుడిది లాగితే కుడికి.
మా నాన్న గాడిద ఏనాడూ ఇంతలా మాట వినలేదు.

కానీ ఒకటి.
కళ్లెటు పోతే నువ్వటు పోతావు.
పొలం అంచున బెరడు ఒలిచిన ఓక్ చెట్లున్నాయి,
ఎర్రటి పిక్కల మీద తెల్లటి అంకెలతో.
అమ్మో చెట్టు, అమ్మో చెట్టు అనుకుంటూ చూసినవాళ్లు
ఆ చెట్టు మీదే దిగారు.
చెట్టును చూడకు. చెట్ల మధ్య ఖాళీని చూడు.

మూడొందల మీటర్ల దాకా గాలివాటంగా పో, తప్పులేదు.
ఆపైన అడ్డంగా తిరుగు.
నేల ముట్టేముందు మాత్రం గాలికి ఎదురు.

గంటస్తంభం మీది కొంగను చూశావు కదా,
గూటి దగ్గరికొచ్చి రెక్కలు ఒక్కసారి దోనెలా వంచి,
కాళ్లు ముందుకు చాచి, ఆగుతుంది.
ఆ ఆగడం కోసం రెండు పిడులూ కలిపి కిందికి లాగు,
రెండు మనుషుల ఎత్తు ఉండగా.
ముందే లాగావనుకో,
తప్పు చేశానని మళ్లీ పైకి వదలకు.
వదిలితే గుడ్డ ముక్కు వంచి దూకుతుంది.
నా ఎడమ మోకాలినడుగు,
వానొచ్చే ముందు రోజు అది బాగా చెబుతుంది.

*

ఇప్పుడు నువ్వు పైన, తెల్ల దూదిపింజంత.
నేను కింద, చేతిలో రేడియో.
ఎడమ. ఇంకాస్త. చాలు.
గాలికి ఎదురు తిరిగావు, బావుంది.
ఓక్ చెట్లను చూస్తున్నావా? నాకు తెలుస్తోంది.
ఖాళీని చూడు, టెల్మో, ఖాళీని.
ఆ... అలా.

తొందరపడ్డావు.
నాలుగు మనుషుల ఎత్తులోనే లాగేశావు.
నీ మోచేతులు పైకి లేవబోవడం ఇక్కడికే కనిపిస్తోంది.
వదలకు.
వదలకు. పట్టిన చోటే పట్టుకో.
తప్పుగా పట్టుకున్నా సరే, పట్టుకో.

తర్వాత రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

గోధుమ మోళ్లలో దుమ్ము లేచింది.
గుడ్డ నెమ్మదిగా నీ వెనకాల వాలింది.
కుక్క పరిగెత్తింది. నేను నా మోకాలితో మెల్లిగా వచ్చాను.
బోర్లా పడి ఉన్నావు,
బొడ్డొక్కటే నేలకు ఆని,
నోటినిండా గడ్డితో,
తలెత్తి చూస్తున్నావు.